కూర్చున్నోళ్లు

హన్మకొండలో, ఏసీ పనిచేయని ల్యాబు గదిలో
ఓదెలు తలకు ఆ నల్లడబ్బా బిగించాను.
గుండె లెక్కపెట్టే క్లిప్పు వేలికి పెట్టబోతే
"వేలు నాకు కావాలె సార్" అన్నాడు.
చెవి తమ్మెకు మార్చాను.

ఇరవై రెండేండ్లు
కాశిబుగ్గ బ్యాండుమేళంలో క్లారినెట్టు.
పటాకులు, జనరేటరు, తాగి ఎగిరే బామ్మర్దులు,
వాళ్ల నడుమ ఏనాడూ జారని స్వరం.

మీట నొక్కాను.
రెండు వందల బొమ్మమనుషులు
కుర్చీల్లోంచి అతని వైపు తిరిగారు.
నూట ముప్పై నాలుగు.
తొలి ఊపిరికే పీక కీచుమంది.

"గీళ్లేంది సార్?
ఎవ్వడు లేస్తలేడు, ఎవ్వడు తింటలేడు,
ఒక్క పిల్లగాడన్న ఏడుస్తలేడు.
నన్నే ఇంటున్నరు."

నా ప్రశ్నాపత్రంలో దానికి గడి లేదు.
అంచున రాసుకున్నాను.

మూడో వరుసలో ఒక దగ్గు కలిపాను.
వెనక ఎవరిదో ఫోను మోత.
నూట పద్దెనిమిది. అంతకన్నా దిగలేదు.

డబ్బా తీశాక, నుదుటి మీది అచ్చు రుద్దుకుంటూ
ఊరికే ఒక పెండ్లిపాట ఎత్తుకున్నాడు.
చెవికి క్లిప్పు అట్లాగే ఉంది.
నేను కాగితం బోర్లించి
ములుగు రోడ్డు మీద బస్సులు లెక్కపెడుతున్నట్టు
కిటికీ వైపు తిరిగాను,
వినకుండా ఉన్నట్టు,
ఒక్క ముక్కా వదలకుండా.