తెచ్చి పోసిన బురద

మా క్రాస్ పీఠభూమిలో బురద ఉండదండీ
అని మొదటిరోజే చెప్పాను.
వాన ఎక్కడ పడితే అక్కడే ఇంకిపోతుంది,
సున్నపురాయికి ఒళ్ళంతా నోళ్ళే.
దర్శకుడు నా మాట చివరిదాకా విన్నాడు,
మర్యాదగా తల ఊపాడు,
కిందనున్న నది ఒడ్డు నుంచి
రెండు ట్యాంకర్ల బురద తెప్పించాడు.

కందకమంటే బురద. జనానికి అలా తెలుసు.
తెలిసిందే చూపించకపోతే నిజమని నమ్మరు.

నేను రాళ్ళు పేర్చేవాణ్ణి.
సున్నం లేదు, సిమెంటు లేదు,
ఒక రాయి బరువును ఇంకో రాయికి ఒప్పజెప్పడమే మా విద్య.
కందకం గోడ కట్టమన్నారు, కట్టాను,
మా కొండమీద ఇంకా మిగిలినవాటిని చూసి,
నాలుగు బారలకో మలుపు.
ఒక మలుపులో గుండు పేలితే
పక్క మలుపులో వాడి చేతిలో రొట్టె
చేతిలోనే ఉండాలని పాతవాళ్ళ లెక్క.

కెమెరా అతను వచ్చాడు. మలుపులు చూసి నీరసపడ్డాడు.
అతని బండి పట్టాలమీద పోవాలి,
పరుగెత్తే కుర్రాడి వీపు వెంట
ఎక్కడా తెగకుండా ఒకే షాటుగా.
సరే, విప్పాం. తిన్నగా కట్టాం.
కంటికి తిన్నటి దారి కావాలి,
ప్రాణానికి వంకర కావాలి.
ఇద్దరికీ పనికొచ్చే గోడ నాకు రాదు.

పేలుడుకి ఎగిరే రాళ్ళు మాత్రం స్పాంజివి,
బూడిదరంగు పూసినవి.
ఒకటి నా భుజంమీద పడి
పిల్లి దూకినంత మెత్తగా జారిపోయింది.
ఆ క్షణాన పావ్లీనా అత్త గుర్తొచ్చింది.
ఇక్కడ ఇనుముకంటే రాయే ఎక్కువమందిని తిన్నదనేది,
పగిలిన రాయికి కళ్ళు ఎక్కడుంటాయో తెలుసనేది.
వాళ్ళ నాన్న బతికినన్నాళ్ళూ
కూతురి మొహాన్ని వేళ్ళతోనే చూశాడు.

దగ్గర్నుంచి తీసే షాట్లకి
అసలైన పాతరాళ్ళు కావాలంది ఓర్నెల్లా.
సెట్టు పని ఆమెది, నిద్ర లేని కళ్ళు, మంచి మనిషి.
మా మేకలదొడ్డి గోడ విప్పి తెచ్చాను.
అది మా తాత కట్టింది,
యుద్ధమయ్యాక కందకాల రాళ్ళు మోసుకొచ్చి.
డ్యూటీ దిగి వందేళ్ళయిన రాళ్ళు
మళ్ళీ డ్యూటీ ఎక్కాయి.

వాటిలో ఒకదానికి అరచేయంత గుంట,
గుంటలోకి సన్నగా ఒక గాడి.
ఎవడో ఉలితో,
ఉలి కూడా కాదేమో, బాయ్‌నెట్టు మొనతో,
గుహ కప్పు నుంచి రాత్రంతా జారే
చుక్కలకోసం తొలుచుకున్నాడు.
ఓర్నెల్లా వేలు పెట్టి చూసింది.
"ఇది తూటా దెబ్బేనా?"
ఆమె మొహంలో ఎంత ఆశ!
అవునన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
దాంట్లో మసి నింపి, అంచులకి నలుపు అద్ది
కెమెరాకి ఎదురుగా పెట్టింది.

చలికాలం పోయాక ఊరి హాల్లో బొమ్మ వేశారు.
అందరం వెళ్ళాం. బాగుంది, అబద్ధమెందుకు.
బురదలో పాకారు, బురదలో ఏడ్చారు,
బురద ఉమ్ముతూ ఒకడు అమ్మని పిలిచాడు.
నా వెనక ఎవరో వెక్కారు.
దీపాలు వెలిగాక పావ్లీనా అత్త
కర్ర వెతుక్కుంటూ, ఎవరినీ చూడకుండా,
"రెండుగంటల్లో ఒక్కడికీ దాహం వెయ్యలేదేం?" అంది.

ట్యాంకర్ల బురద అప్పటికి ఎప్పుడో లేదు.
షూటింగు ముగిసిన మూడోరోజుకే
నేల దాన్ని మింగేసి
ఏమీ ఎరగనట్టు తెల్లగా పడుకుంది.
దొడ్డి గోడ మాత్రం
నేను మళ్ళీ పేర్చుకున్నాను,
గుంట ఉన్న రాయి అన్నిటికంటే పైన,
ఆకాశానికి ఎదురుగా.

ఆ రాత్రి కొంచెం చినికింది.
తెల్లారి చూస్తే గుంటలో
ఒక్క గుక్కెడు నీళ్ళు మెరుస్తున్నాయి.
ముసలి మేక ముందుకాళ్ళు గోడకి ఆనించి
తాగుతోంది, తొందర లేకుండా.
నావైపు తిరిగింది.
నాలుక నల్లగా ఉంది.