కార్బన్ కాగితం

చిత్తూరు కలెక్టరాఫీసు ముందర
కానుగ చెట్టు కింద నా మిషను.
తెలుగు మిషను. 'క్ష' కొట్టినప్పుడల్లా ఇరుక్కునేది,
వేలితో లాగి ముందుకు పోవాల.

సమితి ప్రెసిడెంటు దొరస్వామి నాయుడు
బుధవారం బుధవారం వచ్చేవాడు.
చెప్పులిడిచి బెంచీ మీద కాళ్లు పెట్టుకుని
"కొట్టు మునెయ్యా, ఎత్తేను సామికి" అనేవాడు.

ఎత్తేను సామి అంటే ఫాదర్ ఎతియెన్.
పలమనేరు రోడ్డులో పదహారేండ్లు మందులిచ్చి
మోకాళ్లరిగి ఫ్రాన్సుకు పోయినాడు,
ముసలి ఫాదర్లందర్నీ ఒకచోట పెట్టే మఠానికి.
కరువేడు గంజి కేంద్రం కాడ
వాళ్లిద్దరికీ తొలి పరిచయం.
పరిచయమంటే తగువే,
గరిటె ఎవరి చేతిలో ఉండాలని.

నాయుడు చర్చి గుమ్మం తొక్కినోడు కాదు.
సామికి మా సమితిలో ఓటు లేదు.
అయినా ఉత్తరాల్లో మాటలకు కరువు లేదు:
చెనిక్కాయల ధర,
అవిశ్వాసం నాడు చెయ్యెత్తినోళ్ల పేర్లు,
మఠం వంటలో ఉప్పు చాలదని,
మంచు రాలితే బొరుగుల మాదిరా, బూడిద మాదిరా అని.

సామి తెలుగు చేత్తో రాసేవాడు.
'భయం'కు ఒత్తు పెట్టడు.
బయం.
మా అమ్మ పలికినట్టే.

ఒకేడు కవరు నిండా ఒకటే వరస వచ్చింది:
"మంజూరైన బోరు ఏ పక్క పడింది?"

సిగరెట్టు వేలు కాల్చిందాకా నాయుడు పలకలేదు.
తర్వాత ఆయన చెప్పినాడు, నేను కొట్టినాను:
కింద వాడలో నీళ్లు లేవని జియాలజిస్టు తేల్చినాడు,
అందుకని పై వీధిలో వేయించాల్సి వచ్చింది.

కింద వాడ మాది.
ఏ జియాలజిస్టూ మా వాడకు రాలేదు.
మా అమ్మ అప్పటికీ మైలు దూరం నుంచి
రెండు కడవలు మోస్తా ఉంది.
అంతా ఎరిగీ
ఒక్క తప్పు లేకుండా కొట్టినాను.
ఆ దినం 'క్ష' కూడా ఇరుక్కోలేదు.

నెలన్నరకు జవాబు:
"టైపు బాగుంది. మాట బాగలేదు.
మునెయ్యను అడిగి మళ్లీ రాయి."

చదివి వినిపించినాక
నా గొంతులో తడి లేదు.
నాయుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
నన్ను అడగలేదు. నా పక్క చూడలేదు.
అణా పైసలతో కూలి ఇచ్చి, చెప్పులేసుకుని పోయినాడు.

మూడు బుధవారాలు బెంచీ ఖాళీ.
నాలుగో వారం మా వాడలోకి బోరు లారీ వచ్చింది.
రాత్రంతా రాయిని కొడతానే ఉంది,
పిల్లోళ్లు నిద్ర పోలేదు, కుక్కలు పోలేదు,
తెల్లారేసరికి మా అమ్మ చీర నిండా బూడిదరంగు బురద.
దాన్ని ఉతక్కుండా రెండు దినాలు కట్టుకుంది.

ఆ బుధవారం ఉత్తరం పొట్టిది:
"నూటెనబై అడుగులకు పడినాయి. తియ్యగుండాయి.
ఇంక నన్ను సతాయించొద్దు. మంచు సంగతి రాయి."

ఇద్దరూ పోయి శానా కాలమాయ.
సామి చేతిరాతలు
నాయుడి కోడలు బీరువాలో, కరెంటు రసీదుల అడుగున.
నా ట్రంకు పెట్టెలో కార్బన్ కాపీలు.
ఒక పక్క మాటలే,
పక్కింటోళ్ల ఫోను విన్నట్టు.

అంత దూరాన ఉన్న సామికి
బోరు సంగతి ఎవరు చేరేసినారని
నాయుడు పోయేదాకా నన్నడగలేదు.
నేనూ చెప్పలేదు.

అన్ని ఉత్తరాలకూ కాపీ ఉంది.
ఆ ఒక్కదానికే
నేను కార్బన్ పెట్టలేదు.