దిక్కులు చూడటం

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ శనివారం వాన.
మ్యూజియం ముందు క్యూ కాలువ దాకా పాకింది.
గెంట్ నుంచి తొలి రైలుకి దిగిన నలుగురం,
ఉద్యోగాలు అయిపోయినవాళ్ళం, మోకాళ్ళు మొరాయించేవాళ్ళం.
"కూర్చోబెట్టి ఏం చూపించినా సరే" అంది లుట్‌గార్డ్.

అలా దొరికింది ఆ సినిమా హాలు.
తెర లేదు. వరసల్లేవు.
గిర్రున తిరిగే ఎర్ర కుర్చీలు ఒక ముప్పై,
పోట్లాడుకున్న చుట్టాల్లా
ఒక్కోటీ ఒక్కో వైపు మొహం పెట్టుకుని.

చెవిపోగు కుర్రాడొకడు
బరువైన నల్ల కళ్ళజోళ్ళని తడిగుడ్డతో తుడిచి
ఒక్కొక్కరి తలకీ బిగిస్తున్నాడు.
లోపల ఎవరివో చెంపల వెచ్చదనం ఇంకా ఉంది.
"పదిహేను యూరోలు పోసి
కళ్ళకి గంతలు కట్టించుకుంటున్నాం" అని
హిల్డెగొండ్ పకపకా నవ్వింది.
ఆ నవ్వు సగంలో గది మాయమైంది.

ఒక వంటిల్లు.
ఎక్కడో ఉత్తరాన, సముద్రపు గాలి తలుపు తడుతున్న ఇల్లు.
ముందు నా కాళ్ళ కోసం చూసుకున్నాను.
లేవు.
నేల ఉంది, చాప ఉంది, చాప మీద రొట్టె పొడి ఉంది,
నేనే లేను.

బల్లకి అవతల ఒకావిడ రొట్టె కోస్తోంది.
మందంగా ఒక ముక్క, పల్చగా ఒక ముక్క.
కత్తి ఆగింది.
నా భుజం మీదుగా, నా వెనక దేన్నో చూసింది.
చూస్తూ చూస్తూ ఉండగానే
ఆవిడ కళ్ళు నిండాయి.

నేను రొట్టెనే చూస్తూ కూర్చున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపాను.
మొదటి రోజు కొరెన్‌మార్క్ట్ మలుపులో
నేర్పే ముసలాయన చెప్పింది ఒక్కటే మాట:
"దిక్కులు చూడకు, గోడెలీవ్. పట్టాలు చూడు."
చూశాను.
మంచు పడ్డా, పెళ్ళి ఊరేగింపు వెళ్ళినా,
పక్క సందులో మా ఆయన ఇంకెవరితోనో నడిచి వెళ్ళినా
(అది తర్వాత ఎవరో చెప్తే తెలిసింది)
పట్టాలే చూశాను.
వెనకన్నది నాకు అరచేయంత అద్దం.
అందులో చేతులూపుతూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు,
చిన్నవాళ్ళై, చుక్కలై, పోయేవాళ్ళు.

గంతలు విప్పాక
నలుగురి చెంపల మీదా ఒకే రకం ఎర్ర గాట్లు.
సినిమాలు మాత్రం నాలుగు.
లుట్‌గార్డ్ మెట్ల కింద నక్కిన పిల్లాణ్ణి చూసిందట.
మిరెయ్ కిటికీలోంచి జీను లేని గుర్రాన్ని చూసిందట.
హిల్డెగొండ్ పైకప్పు కారడం చూసింది,
పద్నాలుగు నిమిషాలూ అదే చూసింది,
"బకెట్ పెట్టరేం వీళ్ళు" అని ఇప్పటికీ విసుక్కుంటోంది.

"ఆవిడ ఎందుకు ఏడ్చింది?" అన్నాను.
"ఎవరు ఏడ్చారు?" అన్నారు ముగ్గురూ.

కుర్రాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను.
వచ్చే ఆట నలభై నిమిషాలకి.
మా రైలు అంతకన్నా ముందు.
"నా వెనక ఏముంది, నువ్వైనా చెప్పు" అన్నాను.
వాడు గుడ్డ పిండుతూ సిగ్గుపడ్డాడు:
"రోజుకి తొమ్మిది ఆటలు వేస్తాను, అమ్మా.
నేనింతవరకు చూడలేదు."

స్టేషన్‌కి వెళ్ళే ట్రామ్‌లో
వీపు బండి ముందుకి తిప్పుకుని కూర్చునే సీటు ఒకటి ఖాళీ.
కళ్ళు తిరుగుతాయని ఎవరూ కూర్చోరు దాంట్లో.
కూర్చున్నాను.

ఊరు నా నుంచి వెనక్కి జారిపోసాగింది.
వంతెన, గొడుగులు, సైకిల్ మీద తడిసిన కుక్క,
స్టాపు తప్పిపోయిన ఒక మనిషి,
చెయ్యి ఇంకా దించలేదు.
అద్దంలో కాదు, నిండు మనిషి.
కోటుకి ఒక బొత్తాం లేదు.
నోరు తెరిచి ఏదో అంటున్నాడు.

తెలియకుండానే నా కుడికాలు
నేలలో బ్రేకు కోసం వెతికింది.