ఆరో తరగతి, మా వంటింట్లో

మిల్లు లెక్కలు మూసి ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది.
కొంగుకు అంటిన ఊక దుమ్మును వాకిట్లోనే దులిపి
ముఖం కడుక్కున్నాకే గడప తొక్కుతాను.
చైత్ర ఊపిరికి దుమ్ము పడదు.
అందుకే ఈ యేడు బడి మా వంటింట్లోకి వచ్చి
గ్యాస్ బండ పక్కన పీటేసుకుంది.

లెక్కలతో పేచీ లేదు.
సైన్సుకు తడిగుడ్డలో పెసరగింజ
మూడోనాటికి తోక మొలిచి సాక్ష్యం చెప్పింది.
చిక్కంతా చరిత్రతోనే.

మూడు పుస్తకాలు తెచ్చాను.
ఒకదాని అట్ట అద్దంలా మెరుస్తుంది.
అందులో మనవాళ్లకు మొదటి పేజీలోనే అన్నీ తెలుసు,
పన్నెండో పేజీలో ఎవరో వచ్చి ఎత్తుకుపోయారు,
మిగతా పుస్తకమంతా ఏడుపూ, పళ్లు కొరకడమూ.
ఇంకొకటి మా సూపర్‌వైజర్ బిడ్డ చదివే బడిది.
ఆరు రోజుల్లో లోకం తయారై ఏడోనాడు సెలవు.
పాఠం చివర ఖాళీలున్నాయి,
పూరించడానికే గాని తొంగిచూడడానికి కావు.
మూడోదాంట్లో ఏ దేవుడూ జోక్యం చేసుకోడు.
మనుషులు కూడా అంతంతమాత్రమే.
రాజు, యుద్ధం, సంవత్సరం. రాజు, యుద్ధం, సంవత్సరం.
పటంలో మా మిర్యాలగూడ మీద
ఎప్పుడూ ఎవరిదో ఒకరి రంగు.

రాత్రి పాత బిల్లుల వెనక గీతలు గీసి
మూడింటికీ మార్కులు వేస్తున్నాను.
"ఇది ఎట్ల తెలిసింది?" అని పిల్ల అడిగితే
ఏ పుస్తకం ముఖం తిప్పుకోదు?

మా వదిన తలుపు దగ్గర నిలబడి చూసి
"దేవుడు లేని చదువు చెప్తవా పిల్లకు?" అన్నది.
"దేవుడు గూట్లనే ఉన్నడు వదినా,
నేనేడికీ ఎల్లగొట్టలే.
పరీక్షల జవాబులు అందియ్యొద్దన్న, గంతే."
ఆమె నవ్వలేదు. టీ కూడా తాగకుండా పోయింది.

చైత్ర మాత్రం మూడో పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి
పేర్ల పట్టిక మీద వేలు జరుపుతోంది.
'స' దగ్గర ఆగింది.
"నానమ్మ పేరు లేదు."

సైదమ్మ. మా అత్త.
రూపాయంత బొట్టు, శనివారం ఒక్కపొద్దు.
"మరి సైదమ్మని ఎందుకు పెట్టిన్రు?"

ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట.
నాలుగో కాన్పుకు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నారట,
బతికితే ఆ సైదన్న పేరేనని.
బతికింది.
ఆ పేరు మా వీధిలో ఇంకా తిరుగుతూనే ఉంది:
వెల్డింగ్ షాపు సైదాచారి, పాల సైదులు,
తండా నుంచి కూరగాయలు తెచ్చే సైదానాయక్.

"అంటే దర్గా వల్లనే బతికిందా?"
గిన్నె తోముతూ ఆగిపోయాను.
మొక్కింది నిజం, బతికింది నిజం.
మధ్యలో ముడి ఎవరు వేశారో నాకు తెలియదు.
తెలియదని పిల్ల ముందు చెప్పడం
ఇంత తేలికని ఇన్నేళ్లూ తెలియదు.

అద్దంలాంటి పుస్తకాన్ని మళ్లీ తిరగేశాను.
ముగ్గురు బిడ్డల్ని మన్నులో పెట్టిన తల్లి
ఆ దర్గా గడప దాకా నడిచి వెళ్లే దారి
నూట నలభై పేజీల్లో ఎక్కడా లేదు.

చివరికి మూడోదాన్నే ఉంచాను.
గొప్పదని కాదు.
దాని అంచులు వెడల్పు, రాసుకోవచ్చు.

అంచు చాలక చైత్ర బిల్లు వెనక రాసింది:
"సైదమ్మ. పుట్టింది: సాగర్ కాలువ రాకముందు.
ఆధారం: అమ్మ."
కాసేపు చూసి, ఆఖరి మాట కొట్టేసింది.
"నువ్వు చూడలే కదా."
ఫోను తీసుకుని మేనత్తకు చేసింది.

టీ తాగకుండా పోయిన మనిషి
ముప్పావుగంట మాట్లాడింది.
ఎడ్లబండి, మూటలో జొన్నరొట్టెలు,
దారిలో విరిగిన ఇరుసు,
కోడలిగా పదమూడేళ్లలో నేనెన్నడూ విననివి.
గ్యాస్ బండ పక్కన పెన్సిలు ఉరుకుతోంది.

ఆదివారం ముగ్గురం పోతున్నాం.
బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.
చివరి కొంత దూరం మట్టిరోడ్డేనని వదిన చెప్పింది.
ఇన్‌హేలర్ మర్చిపోవద్దు.