నూటికి నూరు

మా అధ్యయనంలో సైమికి పేరు లేదు,
ఒక అంకె ఉంది: నలభై ఏడు.
వయసు ఎనభై నాలుగు, ఒంటరి నివాసం,
రక్తపోటు, ఎడమ చెవికి యంత్రం.
సాంకేతికతతో పరిచయం: "తక్కువ".
ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే.
ఆ రోజు ఆమె వంటింట్లో
విప్పదీసిన రేడియో ఒకటి
పాత పేపరు మీద పరిచి ఉంది,
స్క్రూలన్నీ సైజువారీగా.
చూశాను. అయినా పెట్టాను.

సెప్టెంబరులో మాత్రల పెట్టె ఇచ్చి వచ్చాను.
పొద్దున ఆరింటికి కూస్తుంది.
మూత తెరిస్తే లోపలి చక్రం తిరిగి
ఆ రోజు మాత్ర అరచేతిలో పడుతుంది.
తెరవకపోతే ఇరవై నిమిషాలు ఓపిక పట్టి
కాయానిలో ఎవరికో ఫోను మోగిస్తుంది.

ఊలులో, మా గది తెర మీద,
అరవై మందివి అరవై గీతలు.
కొన్ని పళ్లూడిన దువ్వెనలు.
నలభై ఏడుది మాత్రం
మొదట్లో ఒక చిన్న నొక్కు,
ఆపైన పాపిట తీసినట్టు తిన్నగా.
ప్రొఫెసర్ రౌతియో ఆ గీతను సభలో చూపించి
"ముసలివాళ్లు నేర్చుకోరన్నదెవరు?" అన్నారు.
చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

మార్చిలో పెట్టె వెనక్కి తేవడానికి వెళ్లాను.
సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
మంచు మీద మోకాళ్లూని
కన్నంలోంచి వల లాగుతోంది సైమి.
వచ్చింది చుట్టం కాదు, పనివాడన్నట్టు
తాడు రెండో కొస నా చేతిలో పెట్టింది.
కాసేపటికి నా వేళ్లు నావి కావు.

లోపల కాఫీ పోసింది.
చక్కెర అడిగాను.
బల్ల మీద రెండు డబ్బాలు.
నేను తెరిచింది రెండోది.

తెల్లగా, గుండ్రంగా, గొంతుదాకా మాత్రలు.

ఆమె సిగ్గుపడలేదు.
చేప కడుపు చీలుస్తూనే చెప్పింది:
"అవి మింగితే కాళ్లకింద ఊగుతుంది బాబూ.
నేల ఊగితే గోడ పట్టుకుంటాను,
మంచు ఊగితే దేన్ని పట్టుకోను?
పోయినేడు డాక్టరుకి రెండుసార్లు చెప్పాను.
తెరవైపు చూసి
అంకెలు బాగున్నాయన్నాడు."

పట్టీ చుట్టి కొలిచాను. నూట డెబ్బై ఆరు.
ఇప్పుడు అంకెలు బాగాలేవు.

"మరి రోజూ ఎందుకు తెరిచావమ్మా?"

రెండోరోజు తెరవలేదట.
ఫోనులో ఒక పిల్ల, తూలిక్కి,
"బాగున్నారా" అనబోయి ఆవలించింది.
వెనక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.
"నా మందు కోసం ఆ తల్లి నిద్ర చెడగొట్టనా?
ఆరింటికెలాగూ లేచేదాన్నే,
ఒక మూత తెరవడం ఎంత పని."

నూట ఎనభై పొద్దులు
ఈమె ఆ పిల్లని కనిపెట్టుకుని ఉంది.
మా పట్టికలో అది
తిరగబడి నమోదైంది.

బల్ల మీద పోసి లెక్కపెట్టాం
పదేసి కుప్పలుగా, ఆమె నాకంటే చురుగ్గా.
నూట డెబ్బై తొమ్మిది.
మళ్లీ లెక్కపెట్టాం.
ఒకటి తక్కువే.

"జనవరిలో తుఫానొచ్చింది కదా," అంది,
"కరెంటు లేదు, ఫోను లేదు,
పెట్టె కూడా గుడ్డిదై కూర్చుంది.
తల దిమ్ముగా ఉంటే
ఆ రాత్రి డబ్బాలోంచి ఒకటి వేసుకున్నా.
ఎవరూ చూడనప్పుడు
మనమే చూసుకోవాలి మరి."
తెల్లారేసరికి కరెంటొచ్చింది,
పెట్టె కూసింది,
మామూలుగానే తెరిచింది.

కారులో కూర్చుని ఫారం తీశాను.
"మందు వాడకం" దగ్గర
వంద శాతమని ముందే నిండి ఉంది.
చెరిపి, నూట ఎనభైలో ఒకటి అని కొడితే
పూర్ణసంఖ్య మాత్రమే కావాలంది.
"కారణం" గడిలో నలభై అక్షరాలకే చోటు.
"మంచు ఊగుతుంది" అని రాశాను.
ఇంకా చోటు మిగిలింది.

పక్క సీట్లో పేపరులో చుట్టిన రెండు చేపలు
హీటరు వేడికి వాసన మొదలెట్టాయి.
డాక్టరుకి ఫోను చేశాను.
పేరు చెప్పగానే కీబోర్డు చప్పుడు.
"తెర వద్దండీ," అన్నాను,
"ఒక్క నిమిషం, వినండి."