రెండో షెడ్డు

సిలబస్‌లో ఆ పేపరు పేరు పొడుగ్గా ఉంటుంది,
విజ్ఞానశాస్త్రం, సమాజం: పరస్పర సంబంధాలు.
పిల్లలు దాన్ని పాస్ పేపరంటారు.
మధ్యాహ్నం రెండింటికి
పప్పన్నం తిన్న కళ్ళతో వస్తారు.

బోర్డు మీద కాప్సైసిన్ గీస్తాను:
ఒక షడ్భుజి, దానికో పొడుగాటి తోక.
తొండలా ఉంది మేడమ్, అంటుంది హిమజ.
నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది,
రాసుకోండి, అంటాను.
నలభై రెండు పెన్నులు
ఒకే వాక్యం మీదుగా నడిచిపోతాయి.
ఒక్కరికీ తుమ్ము రాదు.

అందుకే మార్చి మొదటి వారంలో
బస్సును గుంటూరు యార్డుకు తిప్పించాను.
గేటు ఇంకా ఫర్లాంగు ఉండగానే
మిరప కోరు ఎదురొచ్చి కిటికీలెక్కింది.
మొదటి తుమ్ము డ్రైవరుది.
తర్వాత సిలబస్ మొత్తం తుమ్మింది.

లోపల టిక్కీల గోడలు,
తేజ, బాడిగ, మూడువందల ముప్పైనాలుగు.
కమీషన్ కొట్టు గుమాస్తా గోనె కోసి
గుప్పెడు కాయలు ఎండకు పట్టి చూస్తాడు,
ఒకటి విరిచి వింటాడు.
అవును, వింటాడు.
తేమ పన్నెండున్నర, అన్నాడు.
మా మీటరు పన్నెండే అంది.
ఆ అర శాతం ఎవరి జేబులోదో
ఆయనకు తెలుసు, గోనె తెచ్చిన రైతుకు తెలుసు,
మా మీటరుకు తెలీదు.

మొదటి షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు.
హిమజ తన డబ్బుతో ఇరవై జతల గ్లౌజులు తెచ్చింది.
పిల్ల మనసు నొప్పించలేక
సామ్రాజ్యమ్మ ఒక జత తొడుక్కుంది.
పది నిమిషాలకు తీసి ఒళ్ళో పెట్టుకుంది.
"కిలోకింతని లెక్కమ్మా.
వీటితో వేలికి తొడిమ దొరకదు.
చెయ్యి మండితే మండింది, పొయ్యి మండాల గదా."

పక్కనే ఆముదం డబ్బా.
పనిలో కూర్చునే ముందు చేతులకు పట్టిస్తారట.
ఇంటికెళ్ళాక మళ్ళీ నూనె, ఆ పైన సబ్బు,
ఆ పైనే చంటిదాన్ని ఎత్తుకోవడం.
"నీళ్ళు పోస్తే మంట పాకుద్ది,
నూనెకైతే లొంగుద్ది."

పెన్నులు ఆగాయి.
మేం రాసుకున్న వాక్యమే అది,
ఎవరూ రాయించకుండా.

నేను ఉప్పొంగిపోయాను, ఒప్పుకుంటున్నా.
పాఠం దానంతటదే కుదిరిందనుకున్నా.
పదండి, రెండో షెడ్డు కూడా చూద్దాం, అన్నా.

అప్పుడు నాగుల్‌మీరా,
సెమిస్టరంతా హాజరుకు తప్ప నోరు తెరవనివాడు,
పక్కకొచ్చి మెల్లగా అన్నాడు:
"అటొద్దు మేడమ్.
మా అమ్మ ఉంటుంది."

నా చేతిలో ప్రశ్నావళి, ఇరవై ఆరు ప్రశ్నలు.
వయసు. కూలి. దగ్గు ఎన్నేళ్ళుగా.
చర్మంపై మచ్చలు ఉన్నచో టిక్కు పెట్టుము.
లోపలికి రావచ్చా
అన్నది మాత్రం
ఇరవై ఆరింటిలో లేదు.

బస్సెక్కాం. అందరం కళ్ళు తుడుచుకున్నాం.
యార్డు నుంచి వస్తున్నాం గనుక
ఎవరూ ఎవర్నీ కారణం అడగలేదు.

తర్వాతి క్లాసులో హిమజ లేచింది.
కిలో లెక్క ఎవరు పెట్టారు మేడమ్,
అది కెమిస్ట్రీలో వస్తుందా, ఎకనామిక్స్‌లోనా?
తెలీదన్నాను.
పదహారేళ్ళ సర్వీసులో ఆ మాట
క్లాసులో పైకి అనడం అదే మొదలు.
తొండ బొమ్మ తుడిచేసి
ఆ ప్రశ్నను పెద్దక్షరాలతో రాశాను.
ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు,
ఇద్దరు తప్ప. వాళ్ళకి బస్సుంది.

ఏప్రిల్. జవాబు పత్రాల కట్ట.
చివరి ప్రశ్న పది మార్కులకి,
క్షేత్ర పరిశీలనలో పాటించవలసిన నియమములేవి?
ఒక పేపరులో నియమాలు లేవు.
ఎర్ర పెన్ను మూత తీసి
ఇందాకట్నుంచి అలాగే పట్టుకున్నాను.
గుండ్రటి చేతిరాత, నాలుగు వాక్యాలు:

మా అమ్మను అడిగాను, రావచ్చంది.
శనివారం వద్దంది, కూలి డబ్బులిచ్చే రోజు.
టీ వేళకైతే మాట్లాడొచ్చట.
ఈసారి మీటరు కాదు, తూకపు రాళ్ళు తెమ్మంది,
అక్కడి కాటా ఒకటి సరిచూడాలట.