ఎడమచేతి వాటం

చిత్తూరు ఆర్ముడు రిజర్వు ఆయుధాల గదిలో
ఇరవై రెండేండ్లుగా నాది ఒకటే పని:
నూనె, గుడ్డ, బ్రష్షు, రిజిస్టరు.
ఎవరన్నా వచ్చి "దొరసామన్నా" అంటే
మొకం కాదు, ముందు చెయ్యి చూస్తా.

కుముదవల్లి మేడం మే నెలలో వచ్చింది.
కొత్త ఎస్సై. తిరపతి గంగజాతరకి
మఫ్టీలో బందోబస్తు.
పిస్తోలు నడుం కాడ దాగాల,
పక్కన నిలబడిన పూలామెక్కూడా తెలీకూడదు.
ఒకటి తుడిచి బల్ల మీద పెట్టినా.
ఎడం చెయ్యి చాపింది.

"చిన్నప్పుడు మా అవ్వ ఈ చేతికి వేపాకు పసరు పూసేది,
అన్నంలోకి పోకుండా.
కొండమీద ప్రసాదం కాడా చెయ్యి మార్చమన్నారు.
ఇది కూడా మార్చమంటుందా అన్నా?"

మార్చమంటాది తల్లీ.
సేఫ్టీ మీట చూడు, ఎడం పక్కుండాది,
కుడిచేతోడి బొటనేలికి పిల్లికూన మాదిరి లొంగుతుంది.
నీ బొటనేలేమో అవతలి పక్క.
మీట దాకా పోవాలంటే పట్టు వదలాల.
పట్టు వదిలినాక కాల్చేదేముంది?
మ్యాగజైను బొత్తాం మటుకు నీ చూపుడేలికి అందుతుంది,
అదన్నా మేలు.

ఆమె పోయినాక నిద్ర పట్టలేదు.
తెల్లారి రేంజిలో ఎడం చేత్తో నేనే కాల్చి చూసినా.
మూడో గుండుకి
ఖాళీ తొడుగు ఎగిరొచ్చి కాలర్లో దూరింది.
రొమ్ము మీద చింతగింజంత బొబ్బ.
ఇన్నేండ్లూ అవి నా కుడిపక్క టింగుమని రాలతా ఉంటే
చేతివాటం మారితే యాడ పడతాయో
ఒక్కనాడన్నా అనుకున్న పాపాన పోలే.

మళ్ళా పిలిపించినా. మూడు పరిచినా.
మొదటిది చిన్నది, బాగా దాగుతుంది,
మీట మాత్రం కుడిచేతోడి సొత్తు.
రెండోది నమ్మకమైందే,
నడుముకి కట్టుకుంటే ఉల్లిగడ్డల మూట.
మూడోదానికి మీటలు రెండు పక్కలా.
కొంచెం మందం.
"మందమే కానీ, నన్నేమీ అడగడంలే" అనింది,
కండ్లు మూసుకుని ఎడం బొటనేలితో
మీట దించి, ఎత్తి, దించి.

పిన్ను పీకి, బొత్తాం తిప్పి
అవతలి పక్క బిగించినా.
ఐదు నిమిషాల పని.
అవ్వ పసరు ఎన్నేండ్లు పూసిందో నేనడగలే.

ఒర దొరకలేదు.
దుకాణాల్లో ఉండేవన్నీ కుడి నడుముకే.
చర్చి వీధిలో చెప్పులు కుట్టే ఏసోబు
పాత ఒరను కాగితం మీద బోర్లించి గీసుకుని
ట్రిగ్గరు కనబడకుండా తోలు కుట్టిచ్చినాడు.
"ఎడం కాలి చెప్పు కుట్టేవాడికి
ఎడం ఒర ఒక లెక్కా?" అన్నాడు.
నిజమే. చెప్పులకుండే న్యాయం తుపాకులకి లేకపాయె.

జాతర నాడు చీర కట్టుకుని వచ్చింది.
కొంగు ఎడం భుజం మీంచి జారి
ఒరను నిండుగా కప్పేసింది.
లోకంలో ఆ ఒక్కటన్నా
ఆమె పక్షాన పుట్టింది.

ఆ రాత్రి
మీసాలున్నోళ్ళు కాటుక పెట్టి, పూలు తురుముకుని
గంగమ్మ ముందర నడస్తా ఉంటే,
ఇంత బొట్టు పెట్టుకుని జనంలో నిలబడిన
మా మేడం వేషమే ఎవరికీ కనబళ్ళా.

మూడోనాడు తెచ్చి అప్పగించింది.
గుండ్లు లెక్కపెట్టినా.
ఇచ్చినవి పది, వచ్చినవి పది.
రిజిస్టరు తిప్పి ముందర పెడితే
ఎడం చేత్తో సంతకం చేసింది.
రాసింది రాసినట్టే అరచెయ్యి దాని మీద పాకి
సిరా చెరిగిపాయ.

ఆడిటు ఆఫీసరు ఆ పేజీ చూసి
ఏందయ్యా ఈ మరక అన్నాడు.
సంతకమే సార్, అన్నా.
ఆయన కుడిచేత్తో పేజీ తిప్పేసినాడు.